ఒకటో తేదీ నల్లపూసలు

"నెలకొకసారి నన్ను సంపేసి పోతాండావు గదమే!"

అద్దం ముందు నిలబడి మెడలోని నల్లపూసల ముడి విప్పుకుంటున్న శిరీన్ చేతులు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో వేపపుల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు రెహమాన్. అతని కళ్ళు నవ్వడం లేదు.

"పొద్దున్నే ఏం మాటలప్పా అవి!"

"మరేమనాల? మొగుడు సచ్చినోళ్ళు తీస్తారు నల్లపూసలు. నేను ఈడ గుండ్రాయి మాదిరి నిలబడుకోనుండా. ఒకటో తేదీ వస్తే సస్తా, రెండో తేదీ మళ్ళా బతుకుతా! ఇది ఐదోసారి. ఎన్నిసార్లని సావల్ల నేను?"

శిరీన్  నల్లపూసలను చేతిరుమాల్లో చుట్టి బొడ్లో దోపుకుంది. కాలి మెట్టెలు తీసింది. ఆకుపచ్చ గాజులు తీసి కిటికీలో పెట్టింది. నాలుగు నెలల కింద నిఖా నాడు ఈ గాజులు తొడిగించుకుంటూ ఎంత సిగ్గుపడింది! ఇప్పుడు దొంగసొమ్ము దాచినట్టు దాచుకోవాల్సి వస్తోంది... తప్పు చేసినట్టు, తన మొగుడితో తాను కాపురం చేయడమే నేరమైనట్టు!

నందికొట్కూరులో పరుపులు కుట్టే రెహమాన్‌తో సంబంధం కుదిర్చింది ఎవరో కాదు, ఆమె మొదటి అత్త ఫాతిమా బీయే. ఆమె కొడుకు, శిరీన్ మొదటి భర్త హుసేన్ వలి ఆటో బోల్తాపడి పోయి రెండేళ్ళు దాటింది. పిల్లలు లేరు. "ఇరవై ఏడేండ్లకే నా ఎదురుగా గోడకానుకొని కూచుంటే నేను సూడలేను బిడ్డా" అని ఏడ్చి, బతిమాలి, చివరికి తిట్టి మరీ ఒప్పించింది. కానీ నిఖా అయిన సాయంత్రమే ఒక మెలిక పెట్టింది.

"పెండ్లి చేసుకున్యావు, సంతోషం. పింఛను మాత్రం తెంపొద్దు. ఒకటో తేదీ పొద్దున నా గడపలో నిలబడు. తక్కిన నెలంతా నీ మొగుడిది."

అది వితంతు పింఛను. మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళకు చెల్లదని శిరీన్‌కు తెలుసు, అత్తకూ తెలుసు. అయినా నెలనెలా తొలి బస్సెక్కి ఆత్మకూరు పోవడం, సచివాలయం నుంచి వచ్చే రెజీనా ముందు బోసి మెడతో నిలబడి వేలిముద్ర వేయడం, వచ్చిన డబ్బు అత్త చేతిలో పెట్టి తిరిగి రావడం... అంత ప్రేమగా పెళ్ళి చేసిన మనిషికి ఈ డబ్బు మీద ఇంత ఆశేమిటో శిరీన్‌కు అంతుబట్టేది కాదు. అడగడానికి నోరు రాక ఇన్నాళ్ళూ మింగుకుంటూ వచ్చింది.

కానీ పోయిన వారం ఆస్పత్రిలో జరిగింది మింగుడు పడేది కాదు. నెల తప్పిందని తెలిసి, తల్లీబిడ్డల కార్డు కోసం ఇద్దరూ ఎంతో ఆశగా వెళ్ళారు. నర్సమ్మ ఆధార్ నంబరు కొట్టి తలెత్తకుండానే అడిగింది.

"భర్త పేరు హుసేన్ వలి కదా?"

పక్కన నిలబడి ఉన్న రెహమాన్ ముఖం ఎర్రబడింది. "నేనమ్మా మొగుణ్ణి! రెహమాన్!"

"నాకు ఈడ పడింది హుసేన్ వలి. మార్పించుకోని రాండి. లేకుంటే బిడ్డ తండ్రిగా ఈ పేరే రాస్తా, నాకేం పోతాది?"

కార్డు తీసుకోకుండానే వచ్చేశారు. రెహమాన్ ఇల్లు చేరాక, కుట్టడానికి పరచిన పరుపు మీద కూర్చుని, "నా బిడ్డకు నేనేం కానా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది! చిన్నపిల్లాడిలా అడిగాడు...

ఆ మాటే ఇవాళ బస్సులో గంటసేపూ శిరీన్ చెవుల్లో మోగింది. ఈసారి వేలిముద్ర వేయకూడదు. అత్త ఏమన్నా సరే!

ఆత్మకూరులో ఫాతిమా బీ అప్పటికే నీళ్ళు చల్లి గడపలో కూర్చుని ఉంది. కోడల్ని చూడగానే లేచి, ముందు మెడ చూసింది. తర్వాత కాళ్ళు చూసింది. చివరికి ముఖం చూసింది.

"ఏమ్మీ, అట్ల పీక్కపోయినావు? అన్నం తింటాండావా లేదా?"

"తింటాండా అత్తా."

"కొంగు కప్పుకో. గాజుల గుర్తు కనపడతాంది."

శిరీన్ కొంగు కప్పుకోలేదు. ముఖం కంటే ముందు మెడ! తిన్నావా అని అడిగిన నోటితోనే గాజుల గుర్తు దాచుకోమంటోంది! ఏదో అనబోయేంతలో వీధి మలుపులో రెజీనా స్కూటీ చప్పుడయింది.

రెజీనా పనిలో కచ్చితం, మాటలో మెత్తన. "ఏమవ్వా, బాగుండావా? యేలిముద్ర పడకుంటే రుద్దేదానికి ఈసారి నేను కొబ్బరినూనె గూడా తెచ్చుకున్యా" అని నవ్వుతూ అరుగు మీద కూర్చుని మిషన్ తీసింది. "రామ్మా శిరీన్, యేలు పెట్టు."

శిరీన్ చెయ్యి చాచలేదు.

"నేను పెట్టను మేడం."

"ఏమైంది?"

"దానికి జొరం రెజీనమ్మా!" ఫాతిమా బీ గభాలున మధ్యలోకి వచ్చింది. "రాత్రంతా వాంతులు. ఏందేందో మాట్లాడతాంది. నువ్వు యేలు పట్టుకొని పెట్టించు తల్లీ."

"జొరం లేదు అత్తా! కడుపుతో ఉండా!"

వీధిలో పోతున్న పాలమనిషి కూడా ఒక్క క్షణం ఆగింది. ఇక శిరీన్‌ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాలుగు నెలలుగా మింగుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నాకు పెండ్లయింది మేడం. నాలుగు నెలలు తప్పుడు యేలిముద్రే వేసినా. ఏం రాసుకుంటారో రాసుకోండి! ఆస్పత్రిలో నా బిడ్డకు సచ్చిపోయినాయన పేరు రాస్తామంటాండారు... బతికున్న తండ్రిని పక్కన నిలబెట్టుకొని! నీకేమత్తా, నీకు పింఛను గావాల. నా మొగుడు నెలనెలా సచ్చినా ఫర్వాలేదు, నీ దుడ్లు నీకు రావాల! పెండ్లి చేసింది ప్రేమతో అనుకున్యా. నన్ను ఆడికి పంపించి, నా యేలు మాత్రం ఈడ పెట్టుకున్యావు!"

ఫాతిమా బీ మెల్లగా గడప మీద కూలబడింది. రెజీనా మిషన్ ఒళ్ళో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"శిరీన్, నువ్వు నోరు పారేసుకోకముందు ఒకటి అడుగుతా. అవ్వకు ముసలిపింఛను ఎందుకు లేదో తెలుసునా నీకు?"

"ఆధార్‌లో వయసు తక్కువ పడిందని తీసేసినారంట."

"అని నీకు చెప్పిందా?" రెజీనా మిషన్ పక్కన పెట్టింది. "ఆమెకు వస్తాండె. నీ మొగుడు పోయినాక నీకు పెట్టాలంటే, ఒక రేషన్ కార్డుకు ఒకటే పింఛను గదా! నువ్వు ఇద్దత్‌లో, మొగుడు పోయిన దుఃఖం దినాల్లో, గడప దాటకుండా ఉండావు అప్పుడు. నాదగ్గరికొచ్చి, నాది తీసేసి నా కోడలికి పెట్టండి అని కాయితం మీద వేలిముద్ర వేసింది. నేనే వద్దన్యా. 'నేనెన్నాళ్ళుంటా రెజీనమ్మా, అదింకా శానా దూరం నడవాల' అనింది. ఎనిమిది నెలలు తిరిగింది నీకోసం. ఎండలో, ఆ మోకాళ్ళతో!"

శిరీన్ అత్త వైపు తిరిగింది. నాలుగు నెలలూ ఎవరిని ఆశపోతు అనుకుంది తాను! ఎవరి చేతిలో డబ్బు పెడుతూ మనసులో తిట్టుకుంది!

"అత్తా... ఎందుకు చెప్పలేదు అత్తా!" అత్త మోకాళ్ళ మీద తల పెట్టి భోరుమంది.

"చెప్తే నువ్వు తీసుకుంటావా?" ఫాతిమా బీ కోడలి తల మీద చెయ్యి వేసింది. "నాకూ ఆకలైతాది బిడ్డా, అబద్ధమెందుకు, ఆ దుడ్లతోనే తింటాండా. కానీ దానికోసం కాదు నిన్ను పట్టుకునింది. రెహమాన్ మంచోడే. నా కొడుకూ మంచోడే గదా, ఉండెనా? మళ్ళా నీకేమన్నా అయితే... ఒకసారి తెంపినాక అతికించేదానికి ఎన్ని గడపలు ఎక్కల్లో నాకు తెలుసు. మళ్ళా ఎక్కేదానికి నాకు మోకాళ్ళు ల్యావు."

శిరీన్ కళ్ళు తుడుచుకుని వేలు చాపింది. "మేడం, ఇప్పుడు నేను చెప్పిందంతా మర్చిపోండి. పెట్టించుకోండి. ఇది లేకుంటే ఆమె ఏం తింటాది?"

ఆ చేతిని ఫాతిమా బీ గట్టిగా పట్టుకుంది.

"ఉండు. ఆస్పత్రిలో నిజంగా నా కొడుకు పేరే పడిందా?"

"అవునత్తా."

"హుసేన్ వలి అనేనా? తండ్రి అని?"

"తండ్రి అనే..."

ఆ ముసలి ముఖంలో ఒక వెలుగు! కొడుకు పోయినప్పటి నుంచి శిరీన్ ఎన్నడూ చూడని వెలుగు! బిడ్డాపాపా లేకుండా పోయిన కొడుకు... ఎక్కడో ఒక ఆస్పత్రి లెక్కలో తండ్రయ్యాడు! ఫాతిమా బీ పెదవులు కదిలాయి. ఆ పేరు తనలో తాను అనుకున్నట్టుంది. రెజీనా తల తిప్పుకుంది. ఆ ఒక్క నిమిషాన్ని ఎవరూ ఆ తల్లి నుంచి లాక్కోలేకపోయారు.

ఆమే వదిలేసింది.

"వద్దు. అది వేరేవాళ్ళ సొత్తు" అంది లేస్తూ. "బిడ్డను కన్న తండ్రి నందికొట్కూర్లో కూచోని ఏడుస్తాంటే, ఆ పేరు పెట్టుకొని నా కొడుకు సంతోషపడడు. తీసెయ్ రెజీనమ్మా."

"అవ్వా, బాగా ఆలోచన చెయ్. ఇది తీసేస్తా. ఈమె పేరు నీ రేషన్ కార్డులోంచి పోవల్ల, అదే నెల పట్టొచ్చు. తర్వాత నీ అర్జీ పెడతా. అదెప్పుడు తీసుకుంటారో నాకే తెలీదు. యేలిముద్ర వేసిన నాలుగు నెలల దుడ్లూ వెనక్కి కట్టమని అడగొచ్చు."

"మా ఆయప్ప కడతాడు. నేనూ కుట్టుపని చేస్తా" అంది శిరీన్.

"నువ్వు సూది పడితే పరుపు పనికొచ్చినట్టే!" అంది ఫాతిమా బీ, కన్నీళ్ళలోనే. "యాడ పెట్టినావు నల్లపూసలు? ఇట్ల తే."

రుమాలు విప్పి, రెజీనా చూస్తుండగానే, కోడలి మెడ వెనక ముడి వేసింది. ముడి రెండుసార్లు జారిపోయింది. మూడోసారి గట్టిగా బిగించింది.

* * *

మరుసటి నెల ఒకటో తేదీ. రెజీనా స్కూటీ ఆ గుమ్మం ముందు ఆగలేదు. "పేరు తీసే అర్జీ ఇంకా పై ఆఫీసులోనే ఉండాదవ్వా!" అని అరిచి వెళ్ళిపోయింది. ఫాతిమా బీ మాత్రం అలవాటుకొద్దీ నీళ్ళు చల్లి గడపలో కూర్చుంది. ఎవరు వస్తారని? ఆమెకే తెలియదు.

తొలి బస్సు దిగి శిరీన్ వచ్చింది. మెడలో నల్లపూసలు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు! వెనక రెహమాన్, భుజాన దూది మూట.

"పరుపు యాడుండాదమ్మా? శానా గడ్డలు కట్టి నీకు నిద్ర పట్టదంట గదా" అంటూ సరాసరి లోపలికి పోయాడు.

"ఎందుకొచ్చినావే? ఈ పొద్దు నీ యేలుతో పన్లేదు గదా!"

"ఒకటో తేదీ గదా అత్తా" అని, శిరీన్ సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. ఆధార్ ఇంకా మారలేదు. ఎన్నిసార్లు తిరిగినా మారలేదు. విసిగిపోయిన నర్సమ్మ చివరికి రెహమాన్ పేరు పెన్నుతోనే రాసి ఇచ్చింది.

చదువు రాని ఫాతిమా బీ ఆ కార్డును వెలుతురుకు పట్టుకుంది.

"యాడ రాసినారు వాని పేరు?"

"ఈడ."

ఆమె ఆ అక్షరాల మీద వేలు ఉంచింది. చాలాసేపు తీయలేదు.