అక్క మీద అచ్చయిన మాట

తెల్లారి ఆరున్నరకి సూర్యకళ తల్లిని మంచం మీద కూర్చోబెట్టి జడ చిక్కు తీస్తోంది. నాగవల్లికి పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. కుడిచెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు, మాట ముద్దగా వస్తుంది. అలవాటైనవాళ్లకి తప్ప అర్థం కాదు.

"అక్కా, నా సమీక్ష అచ్చయింది!" గుమ్మంలో నిలబడి సుప్రజ పత్రిక ఊపింది.

"నిజమా! పేరు కూడా వేశారా?"

"పేరు, ఊరు, ఇంటర్ సెకండియర్ అని కూడా వేశారు."

"అమ్మకి స్నానం చేయించి వచ్చి చదువుతానే. చేతులు నూనెగా ఉన్నాయి," అంది సూర్యకళ. ఆ మొహంలో సంతోషం ఉందో లేదో సుప్రజ చూడలేదు. అప్పటికే మళ్లీ తన పేరు పడిన పేజీలోకి తల దూర్చేసింది.

సుప్రజకి తన వయసు పిల్లల మీద రాసిన నవలలంటే ప్రాణం. భీమవరంలో కాలేజీ బస్సు దిగేచోట బుల్లియ్యగారి అద్దె పుస్తకాల కొట్టు ఉంది. అందులో అలాంటి పుస్తకం ఏది వచ్చినా మొదట ఆ పిల్ల చేతికే వెళ్లాలి. చదివి ఊరుకునేది కాదు. ప్రతి నవలకీ లాంగు నోటుబుక్కులో ఒక పేజీ రాసేది. ఎక్కడ నిజంగా ఏడుపొచ్చింది, ఎక్కడ రచయిత తొందరపడ్డాడు, ఏ పిల్ల మాటలు పిల్ల మాటల్లా లేవు అన్నీ రాసేది. బుల్లియ్యగారు ఆ పేజీలు మిగతా ఆడపిల్లలకి చూపించి పుస్తకాలు ఇచ్చేవాడు. విజయవాడ నుంచి వచ్చే పిల్లల మాసపత్రిక అడ్రసు ఇచ్చి, "పంపమ్మా, వేస్తారు," అన్నదీ ఆయనే.

ఆమె పంపింది 'మూడో బెంచీ అమ్మాయి' అనే నవల మీద. అందులో భార్గవి అనే పిల్లని పదో తరగతితో చదువు మాన్పిస్తారు. ఆ పుస్తకం సుప్రజ రెండుసార్లు చదివి రెండుసార్లూ ఏడ్చింది. భార్గవిలో ఆమెకి అక్క కనిపించింది. అందుకే ఆ సమీక్ష అక్క కోసం రాశాననుకుంది. అక్క తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అనుకుంది.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. రొయ్యల చెరువుల దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన తండ్రి సూర్యరాజు కాళ్లు కడుక్కోకుండానే తీశాడు.

"చెప్పండి అక్కగారు." ఆయన అక్క రత్నమాణిక్యం తుని నుంచి చేసింది. సూర్యకళకి తునిలోనే పెళ్లి సంబంధం కుదిర్చింది ఆవిడే. అబ్బాయి పేరు జీవరాజు, హైస్కూల్లో మాస్టారు. పిల్లని చూసుకుని వెళ్లారు, ఇద్దరూ ఇష్టపడ్డారు. గురువారం తాంబూలాలు.

"పత్రికేంటండి? ... మా సుప్రజా? ... లేదండి, పిల్లకి ఏ జబ్బూ లేదండి. మీకు తెలీదా?" సూర్యరాజు గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి "అలాగేనండి" అని ఫోన్ పెట్టేసి, కాసేపు ఆ ఫోన్ మీదే చెయ్యి ఉంచి నిలబడ్డాడు.

"అమ్మలూ, ఆ పత్రిక తీసుకురా."

ఆయన పుస్తకాలు చదివే మనిషి కాదు. కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"'రచయిత్రి చివరి అధ్యాయంలో భార్గవిని నవ్వించారు. ఇంత మంచి నవలలో నేను నమ్మలేనిది ఆ నవ్వొక్కటే. మా అక్క చదువు మా నాన్నగారు హాల్లో అందరి ముందూ మాన్పించేశారు. నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో మా అక్క ఒక్కసారి కూడా నవ్వలేదు. ఎవరితోనూ మాట్లాడదు. గోడవైపు తిరిగి లేసు అల్లుకుంటూ కూచుంటుంది.'"

చదవడం ఆపి పత్రిక మడిచాడు.

"జీవరాజుగారి మేనకోడలు నిన్న ఇది తెచ్చి ఇంట్లో చదివిందట. పిల్లకి మతి సరిగ్గా లేదేమో, దాచిపెట్టి చేస్తున్నారేమోనని వాళ్లకి అనుమానం వచ్చింది. గురువారం రామన్నారు."

సుప్రజకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నేను అబద్ధం రాశానా నాన్నగారూ? మీరు అనలేదా? పెద్దనాన్నగారూ అత్తయ్యగారూ అందరూ కూచున్నప్పుడు, 'చదివింది చాలు, ఇంటిపట్టున ఉండి అమ్మని చూసుకో' అని మీరే కదా అన్నారు? అక్క అక్కడే తల దించుకుని నిలబడింది. నాకు పదమూడేళ్లు. అంతా గుర్తుంది."

గదిలోంచి నాగవల్లి ఏదో చెప్పబోయింది. మాట పెగలక ఎడంచేత్తో మంచం పట్టె మీద కొట్టింది.

"చెప్పండి నాన్నగారూ!"

"ఆయన చెప్పరు," అంది సూర్యకళ. తువ్వాలు చేతిలోనే పట్టుకుని గది గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. "నాలుగేళ్ల నుంచీ చెప్పలేదు, ఇవాళ మాత్రం చెబుతారా?"

"సూర్యకళా, నువ్వు లోపలికెళ్లమ్మా," అన్నాడు తండ్రి.

"లేదండి నాన్నగారు. దానికి తెలియాలి." ఆమె చెల్లెలి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను ఫెయిలయ్యానే. రాజమండ్రి హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ నాలుగు సబ్జెక్టులు పోగొట్టుకున్నాను. సప్లిమెంటరీ రాశాను, అవీ పోయాయి. అదే వారంలో అమ్మకి ఇలా అయింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు నా మార్కులే అడగబోయారు. నాన్నగారు వాళ్లని అడగనివ్వలేదు. నేనే మాన్పించేస్తున్నానని అందరి ముందూ గట్టిగా అన్నారు. అప్పటినుంచీ ఊళ్లో ఎవరేమన్నా పడ్డారు గానీ, నా పిల్ల తప్పిందని ఒక్కరితో అనలేదు."

సుప్రజ తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇంకోటి. నేను నవ్వలేదని రాశావు," అంది సూర్యకళ. "చూసుకుని వెళ్లాక తుని నుంచి ఆయన మూడుసార్లు ఫోన్ చేశారు. నాన్నగారే పిలిచి ఫోన్ చేతికిచ్చారు. బళ్లో పిల్లలు చేసే అల్లరి చెబుతుంటే నవ్వి నవ్వి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు సుప్రజా. తలుపు కూడా తీసే ఉంది. పుస్తకంలోంచి ఒక్కసారి తలెత్తలేదు."



ఆ పదిగంటల బస్సుకే సూర్యరాజు బయల్దేరాడు. సుప్రజ చెప్పులేసుకుని వెనకే వచ్చింది. ఆయన వద్దనలేదు, రమ్మనలేదు. భీమవరంలో రైలెక్కి, నిడదవోలులో మారి తుని చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

జీవరాజు తల్లి సంపూర్ణమ్మ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. సూర్యరాజు చెప్పగలిగినంత చెప్పాడు. మార్కుల మాట అక్కడ కూడా ఎత్తలేదు. సుప్రజ ఆగలేక లేచి నిలబడింది.

"నేను తప్పు రాశానండి. అక్కకి ఏమీ లేదండి. బాగా మాట్లాడుతుంది, నవ్వుతుంది. నేనే చూడకుండా ఊహించుకుని రాసేశానండి. ఒట్టండి."

సంపూర్ణమ్మ ఆ పిల్లని జాలిగా చూసింది. "నువ్వు మంచిపిల్లవమ్మా. ఆ రాసింది నేనూ చదివాను. అలా కల్పించి రాయడం నీ వయసులో ఎవరికీ రాదు. కళ్లతో చూసిన పిల్లే రాయగలదు. ఇప్పుడు పెద్దవాళ్ల కోసం వచ్చి కాదంటున్నావు." తర్వాత సూర్యరాజు వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. మాకు ఒక్కడే కొడుకండి," అంది.

జీవరాజు అరుగు మీద స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లు మెట్లు దిగుతుంటే నమస్కారం పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు.

తిరుగు రైల్లో తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూచున్నారు. అన్నవరం దాటాక సుప్రజ అంది:

"నన్ను తిట్టండి నాన్నగారూ."

"తిడితే వాళ్లు గురువారం వస్తారా?"

ఆమె వెక్కివెక్కి ఏడవడం మొదలెట్టింది. పక్కనున్న మనిషి మొహం తిప్పుకున్నాడు. సూర్యరాజు జేబు రుమాలు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నన్ను తిడుతూ రాశావని బాధ లేదమ్మా. ఊరంతా అంటూనే ఉంది. నువ్వు కూడా అదే అనుకుంటూ పెరిగావని ఇవాళే తెలిసింది. నీకన్నా చెప్పి ఉండాల్సింది. చిన్నపిల్లవి, స్కూల్లో ఎవరితోనైనా అంటావేమోనని చెప్పలేదు. నాదీ ఉంది తప్పు."

ఆ మాటతో సుప్రజకి ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఎన్ని నవలల్లో ఎంతమంది తండ్రుల్ని కఠినులని తేల్చేసి పేజీలు నింపిందో గుర్తొచ్చింది. ఎదురుగా కూచున్న మనిషి చెంపలు పూర్తిగా నెరిసిపోయాయి. అవి ఎప్పుడు నెరిశాయో ఆమెకి తెలియదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టి చాలాసేపయింది. సూర్యకళ ఏమీ అడక్కుండా అన్నం వడ్డించింది. తండ్రి నాలుగు ముద్దలు తిని లేచి వెళ్లాడు. సుప్రజ కంచం ముందు కదలకుండా కూచుంది.

"ఏమన్నారు?" అంది సూర్యకళ చివరికి.

సుప్రజ చెప్పింది. సంపూర్ణమ్మ అన్న ప్రతి మాటా చెప్పింది.

"ఆయన?"

ఇక్కడ ఒక మంచి మాట కల్పించి చెప్పాలనిపించింది. ఆయన బాధపడ్డారనో, నిన్ను అడిగారనో అంటే అక్కకి కాస్త ఊరటగా ఉంటుంది. నోటిదాకా వచ్చింది. అక్క మొహంలోకి చూసింది. ఆ కళ్లు నిజం కోసమే కాచుకుని ఉన్నాయి.

"అరుగు మీదే ఉన్నారక్కా. వచ్చేటప్పుడు నమస్కారం పెట్టారు. ఏమీ మాట్లాడలేదు."

సూర్యకళ తలూపింది. గిన్నె మీద మూత పెట్టబోయి, పెట్టలేక, గోడకి జారగిలబడి కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుప్రజ ఎంగిలిచెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లి ఎడంచేత్తో ఆమెని దగ్గరికి లాక్కుంది. సూర్యకళ ఒకసారి విదిలించింది. రెండోసారి విదిలించలేదు.

"ఇంక జన్మలో రాయనక్కా."

"నువ్వు మానేస్తే నాకేం తిరిగొస్తుందే?" అంది సూర్యకళ. "రాసుకో. నా గురించైతే మాత్రం, ముందు నా దగ్గరికొచ్చి కూచో. నన్ను అడుగు."

"అడుగుతాను."

"ఇప్పుడు అడుగు."

సుప్రజకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ మాట లోతు తెలిసింది. రాజమండ్రి హాస్టల్లో ఆ ఏడాది అక్కకి ఏమైందో నాలుగేళ్లలో ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఫెయిలైందని దాచారు గానీ, ఎందుకైందని అడగలేదు.

"చెప్పక్కా," అంది. "రాజమండ్రిలో ఏమైంది?"

సూర్యకళ కళ్లు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, "మొదటిరోజు నాన్నగారు నన్ను దింపి వెళ్లిపోయాక..." అంటూ మొదలెట్టింది. సుప్రజ ఆ మొహం మీద నుంచి చూపు తిప్పకుండా వింటూ కూచుంది.