ఒక్క కొత్త ప్యాకేజీ

"విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లందరి అడ్రస్‌లూ మధ్యాహ్నానికల్లా శత్రుముఠా చేతికి పోతాయి," అన్నాడు చీఫ్. "మన సర్వర్‌లో దొంగదారి పెట్టారు."

"అసాధ్యం సార్. అది స్టేబుల్ లినక్స్, బాగా పరీక్షించిన పాత వెర్షన్. సెక్యూరిటీ ఫిక్స్‌లు తప్ప కొత్తదేదీ రానివ్వను," అన్నాడు సర్వర్ చూసుకునే ఏజెంట్.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నత్త అంటారు. ఏ కొత్త వెర్షనైనా లోకమంతా వాడి, చేతులు కాల్చుకున్నాకే ముట్టుకుంటాడు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే.

"ఒక్కటి వచ్చింది. వీడియో కాల్స్ ప్యాకేజీ, సరికొత్త వెర్షన్. ఇన్‌స్టాల్ చేసింది నువ్వే."

నత్త గుండె జారిపోయింది. అది పెట్టమని అడిగింది తోటి ఏజెంట్ సీతాకోక. టెక్నికల్ వింగ్‌లో ఆమె అడుగుపెడితే కీబోర్డుల చప్పుడు ఆగిపోయేది. "పాతదాన్నే పట్టుకుని వేలాడతావేం? ఈ సర్వర్‌కి కొత్త కెమెరాలు అర్థం కావు. టూర్‌లో ఉంటే నీ ముఖమే కనబడదు నాకు," అని అలిగింది. సిస్టమ్ అంతా మార్చడం అతనికి ఇష్టం లేదు. ఆమెని నొప్పించడం అంతకన్నా ఇష్టం లేదు. మధ్యేమార్గంగా పాత సిస్టమ్‌లో ఆ ఒక్క కొత్త ప్యాకేజీ కలిపాడు. అదే పని ఇంకొకడు చేసుంటే ఉద్యోగం ఊడబీకించేవాడు.

"మెషిన్ ఆపకు. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి అదొక్కటే ఆధారం," అన్నాడు చీఫ్.

సీతాకోక లోపలే ఉంది. ఏసీ మెకానిక్ వేషంలో నత్త సర్వర్ రూమ్‌లోకి వెళ్లాడు. చేతిలో స్క్రూడ్రైవర్. దాని కొసలో యూఎస్‌బీ, పిడిలో బుల్లి స్క్రీన్.

సీతాకోక తల తిప్పలేదు. "ఆ మీసం నీకు నప్పలేదు." ఆమె ఒళ్లో పిస్టల్ ఉంది. ఎదురుగా అడ్రస్‌ల కాపీ ముగింపుకొచ్చింది.

నత్త ర్యాక్ వెనక చతికిలబడ్డాడు. కళ్లనీళ్లు ఆగలేదు. నటన కాదు. కానీ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, యూఎస్‌బీని పోర్ట్‌లో గుచ్చింది.

"ఒక్కటి చెప్పు. నా ముఖం చూడాలన్నది నిజమేనా?"

"వీడియో నాకు మొదటి రోజు నుంచీ బాగానే వచ్చేది. నువ్వు కనబడుతూనే ఉన్నావు."

కొత్త ప్యాకేజీ పెట్టకముందు కాల్ వచ్చిన ప్రతిసారీ, కనబడనని అనుకుంటూనే, అతను తల దువ్వుకునేవాడు. అదంతా ఆమె చూసిందన్నమాట.

బుల్లి స్క్రీన్ అడిగింది: పాత వెర్షన్‌కి వెళ్లాలంటే వీడియో కాల్స్, వాటి రికార్డింగులు మొత్తం తొలగిపోతాయి. సమ్మతమేనా?

ఆమె నవ్వులన్నీ అందులోనే ఉన్నాయి. నత్త కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు.

దొంగదారి మూసుకుపోయి, కాపీ వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ఆమె పిస్టల్ ఎత్తింది. అతని తడి ముఖం చూసి, కాల్చలేక, దించేసింది. గార్డులు వచ్చి తీసుకెళ్లారు.

"సిస్టమ్ ఎలా ఉంది?" ఫోన్‌లో చీఫ్.

"స్టేబుల్ సార్."

"నువ్వు?"

నత్త మీసం పీకేసుకున్నాడు. "ఈ వెర్షన్‌కి సపోర్ట్ ఆగిపోయింది సార్."