మాస్టు నంబరు 412/18

చీఫ్ టేబుల్ మీద రెండు రిపోర్టులున్నాయి. ఏజెంట్ గవర్రాజుది పదకొండు పేజీలు, టైపు చేసింది. తాతబాబుది పోస్టుకార్డు.

"విదేశీ ముఠా మన ఖనిజం లైను మీద కన్నేసింది. పాసింజరు రైలు పట్టాలు తప్పితే లైను మూతపడుతుంది, ఖనిజం మోసే కాంట్రాక్టు వాళ్లకి పోతుంది," అన్నాడు చీఫ్. "నీ రిపోర్టులో 'అనుమానాస్పద కదలికలు' అని ఆరుసార్లుంది. 'ఎక్కడ' అన్నది ఒక్కసారీ లేదు. ఈ కార్డు చదువు."

గవర్రాజు చదవలేదు. ఒళ్లు మండిపోయింది. తాతబాబు దంతెవాడ దగ్గర రైలుపట్టాలు చూసుకునే కీమేన్, మన ఇన్‌ఫార్మర్. ఏజెంట్ కూడా కాదు. ముఠాలో స్టెనోగా చేరిన మన డబుల్ ఏజెంట్ ప్రమీలారాణి సైతం కబుర్లన్నీ అతనికే పంపుతోంది. అదీ అసలు మంట.

మూడోరోజు మధ్యాహ్నం నల్లకళ్లద్దాల ప్రమీలారాణి గవర్రాజు దిగిన దంతెవాడ లాడ్జి ముందు జీపు ఆపింది. "ముఠా నాయకుణ్ణి గదిలో పెట్టి తాళం వేశాను. కానీ వాడి మనుషులు అప్పటికే పట్టా చెడగొట్టేశారు. ఎక్కండి."

దారిలో గవర్రాజు ఉండబట్టలేక అడిగేశాడు. "నా దగ్గర వైర్‌లెస్ ఉంది. అయినా అతనికే ఎందుకు చెబుతావు?"

"ఆయన ఒకసారి చెబితే మళ్లీ అడగక్కర్లేదు."

లైను పక్క మాస్టుకి, అదే నంబరేసిన కరెంటు స్తంభానికి, తాతబాబుని కట్టేశారు. కాలు విరగ్గొట్టి, ఎర్రజెండా పట్టుకుపోయారు. సంచీలో ఎమర్జెన్సీ ఫోనును మాత్రం బ్యాటరీ డబ్బా అనుకుని వదిలేసినట్టున్నారు.

ప్రమీలారాణి అతని కట్లు విప్పి, నుదుటి మీది రక్తం తన కొంగుతో తుడుస్తోంది. గవర్రాజు అది చూడలేకపోయాడు. ఈ రైలు తనే ఆపాలి. ఫోను తీసి స్తంభానికున్న సాకెట్లో గుచ్చాడు.

"హలో కంట్రోల్! ఏజెంట్ సెవెంటీ త్రీ. కొండ వంపులో ట్రాక్ చెడగొట్టారు. రైలు ఆపండి."

"పొద్దుట్నుంచి ఇలాంటి ఫోన్లు నాలుగొచ్చాయి," అన్నాడు కంట్రోలర్ భూషణం విసుగ్గా. "నాలుగుసార్లూ ఆపాం. అన్నీ అబద్ధాలే. ఏ వంపు? ఏం చెడింది?"

"అదే... పట్టాల్ని కలిపే ఇనుపముక్క..."

"పెట్టెయ్."

ముఠా ఎత్తు అప్పుడర్థమైంది. దొంగ ఫోన్లతో కంట్రోల్‌కి నమ్మకం లేకుండా చేశారు. తన మాటా అచ్చం వాళ్ల మాటలాగే ఉంది.

దూరంగా కరెంటు ఇంజను కూత వినిపించింది.

"ఫోనిటియ్యండి బాబూ," అన్నాడు తాతబాబు.

ఇవ్వాలనిపించలేదు. ఆమె ముందు అసలే ఇవ్వాలనిపించలేదు. కానీ రైల్లో మూడొందల మంది ఉన్నారు. ఇచ్చాడు.

"కీమేన్ తాతబాబండి. మాస్టు నాలుగొందల పన్నెండు బై పద్దెనిమిది. కిరండూల్ మొగాన కుడి పట్టా. ఫిష్‌ప్లేట్లు రెండూ నేవు, బోల్టులు నాలుగూ నేవు. పట్టా మూడంగుళాలు జరిగిపోనాది. కరెంటు తీసీయండి."

భూషణం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తీగల్లో కరెంటు పోయింది. వంపు తిరిగిన పాసింజరు కీచుమంటూ వచ్చి, జరిగిన పట్టాకి రెండు బోగీల దూరంలో ఆగింది.

గంటలో రైల్వే పోలీసులొచ్చారు. ఐదో దొంగ ఫోను చేసినవాణ్ణి పట్టుకోమని భూషణం ఆర్డరట. హవల్దారు నేరుగా వచ్చి గవర్రాజు కాలరు పట్టుకున్నాడు. "యే కౌన్ హై?"

"ఒగ్గీండి సాబ్, అప్నా ఆద్మీ, మనోడే," అన్నాడు స్ట్రెచర్ మీదున్న తాతబాబు. "ఇప్పుడిప్పుడే మాటలు నేర్సుకుంతన్నాడు."

ప్రమీలారాణి నవ్వేసింది. గవర్రాజు కాలరు సర్దుకుని, స్తంభం మీది నంబరు చదవడం మొదలెట్టాడు.