గొడుగు గ్యారంటీ

ఆ మధ్యాహ్నం ఏజెంట్ తరాజు చేతిలో ఉన్న సరుకు ఇంతే. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ నీలం చొక్కా, కాళ్ళకి బిగుతైన బూట్లు, స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన జామర్, ఒక పార్ట్‌నర్. వీటిలో నమ్మదగింది చొక్కా ఒక్కటేనని తర్వాత తేలింది.

పొద్దున టైర్ల షాపు మీది గదిలో బాస్ తలెత్తకుండా కోడ్ అడిగాడు.

"మీ ఇంట్లో నెట్ ఎవరిది?"

"పక్కింటివాళ్ళది."

"కూర్చో. డ్యామ్ చుట్టూ పల్లెలకి శాటిలైట్ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చారు. వైర్లు లాగలేని ఇళ్ళన్నిటికీ డిష్‌లు. అందులో ఒక డిష్‌లో విదేశీ ముఠా చిప్ పెట్టింది. నాలుగింటికి వాళ్ళ శాటిలైట్ నెత్తి మీదకొస్తుంది. ఉండేది కొన్ని నిమిషాలే. ఆ డిష్ నుంచి డ్యామ్ కంట్రోల్ రూమ్‌కి కమాండ్ పోతుంది. గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి."

"డ్యామ్ కోడ్‌లు మార్చేయొచ్చుగా?"

"మారుస్తున్నారు. సాయంత్రమవుతుంది."

"దిగువన ఊళ్ళు?"

"మీ అక్క ఉండేది అక్కడేగా?"

తరాజు చెయ్యి జేబులోని ఫోన్ మీదకి పోయింది.

"ఆమెకి చెప్పకు. ఒక్కళ్ళకి తెలిసినా ముఠా జాగ్రత్తపడుతుంది. వెళ్ళి ఆ డిష్ పీకేసి రా. నీతో నెమలి వస్తుంది."

నెమలి డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే అందగత్తె, అందరికంటే తెలివైన ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, కంపెనీ మేనేజర్ కోటు ఆమెకి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

ఊరి చివర మిద్దె ఇల్లు. ఇంటి పెద్దమ్మ వాళ్ళని ఆదరంగానే పైకి పంపింది. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు, దండెం మీద బట్టలు, ఇటుకల మధ్య ఆకాశం వైపు తిరిగిన తెల్లటి డిష్. దాని అంచున పచ్చ లైటు.

తరాజు వంగి జామర్ నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కేలోపు అతని మణికట్టుకి సంకెల పడింది. రెండో కొస ట్యాంకు ఇనుప పైపుకి బిగిసింది.

"బ్యాటరీ నా దగ్గరుంది," అంది నెమలి. "సారీ పార్ట్‌నర్. అటువైపు రేటు బాగుంది."

"నాతో ఒక్క మాట అంటే బేరమాడేవాణ్ణి."

"నీ దగ్గర ఏముందని?"

ఎంత వెతుక్కున్నా ఏమీ లేదు. "ఒక్క ఫోన్ చేయనీ. మా అక్కని గుట్ట ఎక్కమని చెప్తా. ఇంకేం అడగను."

ఆమె అతని జేబులోంచి ఫోన్ తీసుకుంది. "ఇక్కడ ఫోన్ పలకాలంటే నెట్ కావాలి. ఈ పూట నెట్ మాది."

ఆమె మెట్లు దిగాక కింద గొంతు వినిపించింది. "పైనున్నవాడు డిష్‌ల దొంగండీ. పోలీసులొస్తున్నారు. వాడితో మాట్లాడకండి."

పైపు కదల్లేదు. సంకెల ఊడలేదు. మణికట్టు మాత్రం చీరుకుపోయింది. ఈ వేళప్పుడు అక్క వాకిట్లో మంచం వాల్చి బావని ఎండకి కూర్చోబెడుతుంది. నడుము పడిపోయిన మనిషిని ఎత్తుకుని గుట్ట ఎక్కలేదు. వదిలిపెట్టీ ఎక్కదు. తరాజు కూడికలు, తీసివేతలు ఎన్ని వేసినా చివరికి సున్నాయే వస్తోంది.

మబ్బు పట్టింది. పెద్దమ్మ బట్టలు తీయడానికి పైకొచ్చింది.

"పెద్దమ్మా! ఆ వైరు పీకెయ్యండి. డ్యామ్ గేట్లు లేచిపోతాయి!"

"గొడుగు జోలికొస్తే మర్యాదగా ఉండదు." ఆ ఊళ్ళో డిష్‌ని గొడుగనే అంటారు. "రెండేళ్ళు తిరిగితే వచ్చింది. మనవరాలి నర్సింగ్ క్లాసులన్నీ దీంట్లోనే. దొంగతనం చాలక కథలు కూడానా?"

"కథ కాదమ్మా. దిగువన మా అక్క ఉంది."

"దొంగలందరికీ అక్కలుంటారు నాయనా."

పచ్చ లైటు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పైన శాటిలైట్ అందుకుంది. తరాజు పైపుకి వేలాడుతూ కూలబడ్డాడు. నిజం చెప్పాడు, బతిమాలాడు, ఏడ్చాడు. ఏదీ అమ్ముడుపోలేదు. ముఖాన చినుకు పడింది.

ఏజెంట్ కాకముందు అతను ఇంటింటికీ తిరిగి మిక్సీలు అమ్మినవాడు.

"సరే, తడవనివ్వండి," అన్నాడు ముఖం తిప్పుకుని. "గ్యారంటీ పోయేది మీకే."

పెద్దమ్మ చేతిలో బట్టలు ఆగిపోయాయి. "గ్యారంటీ పోతుందా?"

"చుక్క తగిలినా కంపెనీవాళ్ళు మార్చరు."

"అయ్యో! ఆ మేడమ్ ఒక్క ముక్క చెప్పలేదే!"

బట్టలు అక్కడే కుప్పపోసి, ట్యాంకు కిందున్న పెద్ద ఇనుప బేసిన్‌లో నీళ్ళు ఒంపేసి, డిష్ మీద బోర్లించింది. గాలికి లేవకుండా పైన ఇటుక పెట్టింది. అంచు కింద పచ్చ లైటు పసుపైంది. తర్వాత ఆరిపోయింది.

కింద నెమలి కేక వేసింది. మరుక్షణం పిస్టల్‌తో మెట్ల మీద ఉంది. "ఎవరు మూశారు? తియ్!"

పెద్దమ్మ బేసిన్‌ని రెండు చేతులా పట్టుకుంది. "వాన తగ్గేదాకా తీసేది లేదు. ఆ తుపాకీ ఏదో ఆ దొంగకి చూపించు, నాకెందుకు? గ్యారంటీ పోతే నువ్విస్తావా?"

నెమలి ట్రిగ్గర్ మీద వేలు పెట్టి వాచీ చూసుకుంది. శాటిలైట్ దాటిపోయింది. లెక్క తెలిసిన మనిషి. చెడిపోయిన బేరానికి తూటా ఖర్చు పెట్టదు. మెట్లు దిగి జీపెక్కింది. తర్వాత ఎవరికీ కనిపించలేదు.

సాయంత్రానికి బాస్ మనుషులొచ్చి తరాజు సంకెల కోశారు. డ్యామ్ కోడ్‌లు మారాయి. అక్క వాకిట్లో మంచం కోడు కూడా తడవలేదు. జరిగింది చెప్పకూడదు కనుక తరాజు ఊరికే ఫోన్ చేసి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానట్రా?" అని తిట్లు తిన్నాడు.

వానాకాలం వచ్చాక బాస్ మళ్ళీ పిలిచాడు. మబ్బు పడితే చాలు, పెద్దమ్మ మాట పాకి ఆ పల్లెల్లో ప్రతి డిష్ మీదా బేసిన్ బోర్లిస్తున్నారు. నెట్ రావడం లేదని వేల కంప్లయింట్లు. "నువ్వే పోయి తీయించు."

నీలం చొక్కా వేసుకుని వెళ్ళాడు. అవి వానకి పాడవవని ఇంటింటికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పెద్దమ్మ అయితే నవ్వేసింది. "ఏం నాయనా, మా గ్యారంటీ పోగొట్టి కంపెనీని బాగుచేద్దామనా?"

మొత్తం మీద ఆ మిషన్‌లో తరాజుకి మిగిలినవి మణికట్టు మీద మచ్చ, అక్క తిట్లు, అతను ఒక్కసారి అమ్మిన అబద్ధాన్ని ఎవరూ వాపసు ఇవ్వని నాలుగు ఊళ్ళు.