ఆదివారం ఆరేసిన దుప్పటి

శుక్రవారం పొద్దున స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి రేవులో గ్రిడ్ ఇంజనీరు రూరీ శవం తేలింది. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఆ రేవు మెట్ల మీదే పెరిగినవాడు జారిపడడని ఏజెంట్ టోర్క్విల్‌కు తెలుసు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు.

"నీకు దగ్గరివాడు. నువ్వు వద్దులే," అన్నాడు ఎడిన్‌బరోలో చీఫ్.

"అందుకే వెళ్తాను సార్."

బ్రీఫింగ్ నాలుగు నిమిషాలు. దీవి జనం తమ బంజరులో నాలుగు గాలిమరలు నిలబెట్టాలనుకున్నారు. వాటి కరెంటు గ్రిడ్‌లో కలపాలంటే కనెక్షన్ ఛార్జీ కట్టాలి. గ్రిడ్ ఆఫీసులోని మనిషి ఎవరో లెక్క మార్చి, సముద్రం కింద వేసే కొత్త కేబుల్ ఖర్చంతా ఆ నాలుగు మరల నెత్తినే వేశాడు. సోమవారం పదింటిలోగా ఒప్పందం మీద సంతకం చేయకపోతే కనెక్షన్ల క్యూలో వాళ్ల చోటు పోతుంది. ఆ క్యూలో వాళ్ల వెనకే నిలబడ్డ కంపెనీ ఒక విదేశీ ముఠాది.

"అసలు లెక్క రూరీ ఒక చిప్‌లో దాచాడు. మన ఏజెంట్ వెరీనా ఆర్నెల్లుగా ఆ ఊళ్లోనే ఉంది. ఆమెను కలువు."

ఆదివారం టోర్క్విల్ తెల్ల గడ్డం తగిలించుకుని చర్చిలో కూర్చున్నాడు. బయటికి రాగానే రూరీ తల్లి ఎఫీ పక్కన చేరింది.

"ఆ గడ్డం తియ్యరా. చిన్నప్పటి నడక ఎక్కడ దాస్తావు?"

ఇద్దరూ నడుస్తున్నారు. వెరీనా ఇంటి దగ్గర ఎఫీ ఆగిపోయింది. పెరట్లో దండెం మీద ఎర్ర దుప్పటి ఎగురుతోంది.

"ఆదివారం పూట బట్టలారేసిందేంట్రా! దేవుడి రోజున ఈ ఊళ్లో ఎవరూ ఏ పనీ చెయ్యరు. వచ్చిన కొత్తలోనే చెప్పాను, ఆర్నెల్లు పాటించింది కూడా."

టోర్క్విల్ సముద్రం వైపు చూశాడు. ఆదివారం ఊరి పడవలు కదలవు. ఒకటి మాత్రం ఒడ్డుకేసి వస్తోంది.

"పెద్దమ్మా, అది సిగ్నల్. నువ్వు ఇంటికి పో."

వెరీనా తలుపు తీసింది. ఆకుపచ్చ సిల్కు గౌను, ముత్యాల కమ్మలు, చేతిలో చిన్న పిస్టల్.

"రూరీ చిప్ నీకే ఇచ్చాడు కదూ?"

"నమ్మాడు, పాపం. మంచి మనిషి."

"ఎక్కడుంది?"

"పది నిమిషాల్లో పడవలో ఉంటుంది. నువ్వు నీళ్లలో ఉంటావు." కిటికీలోంచి చూసిన ఆమె ముఖం పాలిపోయింది. దండెం ఖాళీగా ఉంది. దూరంగా పడవ వెనక్కి తిరుగుతోంది.

ఆ క్షణం చాలు. టోర్క్విల్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. గుండు పైకప్పులో దిగింది.

పెరట్లో ఎఫీ నిలబడి ఉంది. చంకలో దుప్పటి, ఏప్రన్ జేబులో చెక్క క్లిప్పులు. ఆదివారం ఆ చేతులు దండెం ముట్టడం డెబ్బై రెండేళ్లలో ఇదే మొదలు.

"ఇందులో ఒక క్లిప్పు బరువుగా ఉందిరా," అంది.

విరిస్తే లోపల చిప్.

దాని కోడ్ విప్పేసరికి సోమవారం తొమ్మిదీ యాభై అయిదు. అసలు లెక్క గ్రిడ్ ఆఫీసుకు చేరింది, తప్పుడు ఛార్జీ రద్దయింది. పదికి ఒక్క నిమిషం ముందు ఊరివాళ్లు సంతకం పెట్టారు.

సాయంత్రం చర్చి పెద్ద ఎఫీ గుమ్మంలోకి వచ్చాడు.

"ఆదివారం దండెం మీద చెయ్యి వేశావట?"

"వేశాను. దుప్పటి నాది కాదు, కొడుకు నావాడు." ఆమె టీ పోసి ఇచ్చింది. "గాలిమరలు ఆదివారం తిరగొచ్చో లేదో కూడా మీరే కూర్చుని తేల్చండి. గాలికి నేను చెప్పలేను."