ఖాళీ అయిన కారిడార్

పొద్దున్నే తలుపు తీస్తే కోడలికి ముందుగా కనిపించేది పక్కింటివాళ్ళ బీరువా. తుప్పు పట్టి, తలుపు సరిగ్గా పడని పాత ఇనప బీరువా. దానికి అటు చెప్పుల స్టాండు, ఇటు టైర్లలో గాలి లేని సైకిలు, ఆ తర్వాత మొక్కలు ఎప్పుడో ఎండిపోయిన సిమెంటు కుండీలు. ఇంట్లో పట్టని సంసారమంతా కారిడార్‌లో కాపురం పెట్టేసింది. ఆ అంతస్తులో మిగతా ఫ్లాట్లకి తాళాలే కాబట్టి అడిగే దిక్కు కూడా లేదు. ఉన్న ఒక్క దిక్కూ తనే, తనకేమో అడిగే ఓపిక లేదు.

రక్తపరీక్షల కేంద్రంలో ఆమె పని. జనం ఏమీ తినకుండా వచ్చి వరసలో కూర్చుంటారు కాబట్టి వాళ్ళకంటే ముందే అక్కడుండాలి. పొద్దంతా నిలబడి, వంగి, నరం దొరకని చేతుల్ని తట్టి తట్టి, సాయంత్రానికి ఆమె నడుము ఆమె మాట వినదు. అయినా ఆ ఉద్యోగమంటే ప్రాణం. పెళ్ళయ్యాక, పిల్ల బడికెళ్ళడం మొదలెట్టాక, మళ్ళీ పుస్తకాలు పట్టి సంపాదించుకున్నది. ఇప్పుడా పిల్ల హాస్టల్లో చదువుకుంటోంది. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంట్లో మిగిలింది తనూ, మామగారూ.

మామగారు బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. “ఎముక అతుక్కుంది, ఇక నడవడం ఆయన పని. నడవకపోతే మాత్రం మంచమే” అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మంచమంటే పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

“మామయ్యా, కాఫీ ఫ్లాస్కులో పోశాను. సాయంత్రం నేనొచ్చాక నడుద్దాం. ఈలోపు గడప దాటకండి.”

“దాటి ఎక్కడికి పోతానమ్మా.”

“ఏమో. మొన్న నేనొచ్చేసరికి తలుపు గడియ తీసుంది.”

“గాలికి ఊడుంటుంది.”

“గడియ గాలికి ఊడుతుందా?”

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఈయనతో వాదిస్తే అటు ఉద్యోగమూ పోతుంది, ఇటు వాదనా తెగదు అనుకుని ఆమె బీరువాని ఒరుసుకుంటూ లిఫ్టు వైపు నడిచింది.

సాయంత్రం నడక ఒక ప్రహసనం. నాలుగు కాళ్ళ వాకరు తెచ్చి ముందు పెడితే ఆయనకి మొహం మాడిపోయేది. “జన్మంతా స్టీరింగు పట్టుకున్నవాణ్ణి, ఇప్పుడీ గేటు పట్టుకు వేళ్ళాడనా” అనేవారు. హాలేమో ఇరుకు. సోఫాకో కాలు, బల్లకో కాలు తగిలేది. ఆమె చంక కింద చెయ్యేసి “ఊఁ, ఇంకొక్క అడుగు, ఇంకొక్కటి” అంటుంటే ఆయన కిటికీ దాకా వెళ్ళి, “ఇవాళ్టికి చాలమ్మా” అని కూలబడేవారు. రోజూ ఇదే తంతు. ఆమెకి ఏడుపొచ్చేది, కోపమొచ్చేది. అంతలోనే వంటింట్లో పొయ్యి గుర్తొచ్చేది.

తలుపవతల మాత్రం వెడల్పాటి కారిడార్, నున్నటి నేల, మంచి వెలుతురు. ఆ సామాను లేకపోతే ఆయన అక్కడ హాయిగా నడవొచ్చు కదా అన్న ఆలోచన ఆమె తలలో దూరింది. దూరింది, ఇక వదల్లేదు.

పక్కింటావిడకి మర్యాదగానే చెప్పింది. “అలాగేనమ్మా, రంగులేయిస్తున్నాం, అవ్వగానే లోపల పెట్టించేస్తా” అందావిడ. రంగులయ్యాయి. తర్వాత ఎలుకలన్నారు, ఆ తర్వాత చుట్టాలన్నారు. చెప్పి చెప్పి కోడలి నోరు నొప్పెట్టింది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. అది చాలనట్టు ఒకరోజు లిఫ్టు పక్కన కొత్తగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వెలిసింది. దాన్ని చూసేసరికి కోడలికి ఒళ్ళు మండిపోయింది.

“పక్కవాళ్ళతో మనకెందుకు, సర్దుకుపో” అన్నాడు భర్త ఫోన్లో.

“మీరు ఊళ్ళ మీద తిరుగుతూ సర్దుకుపొమ్మంటారు. ఇక్కడ సర్దుకోడానికి నేను తప్ప ఇంకేం మిగల్లేదు” అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున తాడో పేడో తేల్చుకుందామని అపార్టుమెంటు సెక్రటరీగారిని పైకి తీసుకొచ్చింది. రూలంటే రూలే అనే మనిషి ఆయన. వస్తూనే బీరువా మీద వేలితో రాసి, ఆ తుప్పుని ఆవిడకి చూపించారు.

“అమ్మా, ఇది అందరి స్థలం. సొంత సామాను ఉండకూడదు.”

“మీ స్కూటరు మెట్ల కింద ఎన్నాళ్ళనుంచో నిద్రపోతోంది. అది అందరి స్థలం కాదాండీ?” అంది పక్కింటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని.

“అది వేరే సంగతి.”

“మీదయితే వేరే సంగతి. మాదయితే రూలు.”

“ఆయన సంగతి వదిలేయండి పిన్నిగారూ” అంది కోడలు. “అడిగేది నేను. ఎన్నిసార్లడిగాను మిమ్మల్ని?”

“ఇన్నాళ్ళూ లేని అడ్డం ఇప్పుడెందుకొచ్చిందమ్మా?”

“ఇన్నాళ్ళూ అడ్డమే. అరిచే ఓపిక లేక ఊరుకున్నా. మా మామయ్య నడవాలి. నడవకపోతే ఆయన మంచాన పడతారు, నేను ఉద్యోగం మానేసి ఆ మంచం పక్కన పడతాను. ఎండిపోయిన మీ కుండీల కోసం మా ఇంట్లో ఇద్దరం మూలపడాలా?”

పక్కింటావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామగారి వైపు చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. మామగారు తల అడ్డంగా ఊపారు, ఊపీ ఊపనట్టు.

“ఉండనీలేమ్మా. వాటివల్ల మనకేం నష్టం” అన్నారాయన మెల్లిగా.

“మీరూరుకోండి మామయ్యా. మీకు తెలీదు.”

నలుగురిలో ఆయన్ని అంత మాటనడం అదే మొదలు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయారు. పక్కింటావిడ, “సరే. తీయించేస్తా. ఇంతమాట వచ్చాక ఇంకెందుకు” అని తలుపేసుకుంది.

మర్నాటికి బీరువా పాతసామానువాడి బండెక్కింది. మిగతావి ఏ మంచం కిందకి పోయాయో, మొత్తానికి పోయాయి. కోడలు కారిడార్ అంతా తనే కడిగి తుడిచింది. సాయంత్రం వాకరుతో మామగారిని బయటికి తీసుకొచ్చి, “చూడండి, ఎంత హాయిగా ఉందో” అంది.

ఆయన చూశారు. గుమ్మం నుంచి లిఫ్టు దాకా నున్నటి నేల, బోసి గోడ. రెండడుగులు వేసి, “లోపలికి పోదామమ్మా” అన్నారు. ఆ మర్నాడు ఒంట్లో బాగాలేదన్నారు. ఆ తర్వాత అదీ అనలేదు, మంచం మీదనుంచి లేవలేదంతే. పేపరు మడత విప్పకుండానే పడి ఉండేది. ఇంత యుద్ధం చేసి గెలిస్తే చేతికొచ్చింది ఇదా అని ఆమె పళ్ళు కొరుక్కుంది. పనిచేసే చోట మేడమ్‌గారితో, “సెలవు ఎన్నాళ్ళదాకా ఇస్తారండీ” అని వాకబు కూడా చేసింది. అడిగి, పక్కకెళ్ళి మొహం కడుక్కుంది.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం మిషను పాడై పని ఆగిపోతే ఆమె తొందరగా ఇంటికొచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

కారిడార్ మధ్యలో గోడకి జారగిలబడి మామగారు నేల మీద కూర్చుని ఉన్నారు. ఆయన పక్కనే పక్కింటావిడ, అంత భారీ మనిషీ, కాళ్ళు బారజాపుకుని కొంగుతో ఆయనకి విసురుతోంది.

“ఏమైంది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని బయటికి?” కోడలి గొంతు ఆమెకే గుర్తుపట్టరాకుండా వచ్చింది.

“అరవకమ్మా. దెబ్బేం తగల్లేదు, మెల్లిగా జారి కూర్చున్నారు. లేపే బలం నాకు లేదు, వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. అందుకే నేనూ కూర్చున్నా” అంది పక్కింటావిడ.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన తుంటి నొక్కి చూసింది, కాలు మడిచి చూసింది. నొప్పి లేదు. భయం తగ్గేసరికి దాని స్థానంలో కోపమొచ్చింది.

“గడప దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాను మామయ్యా! నేను నడవమంటే నడవరు, నేను లేనప్పుడు ఎందుకీ సాహసం?”

“రోజూ నడిచేవారమ్మా ఆయన” అంది పక్కింటావిడ. “నువ్వు పనికెళ్ళాక. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. ఇక నా వల్ల కాదండీ అన్నయ్యగారూ, ఒట్టు గట్టున పెడుతున్నా.”

“నడిచేవారా? దేన్ని పట్టుకుని?”

పక్కింటావిడ ఎదురుగా ఉన్న గోడ వైపు చూసింది. అక్కడ బీరువా ఉన్నంత మేర సున్నం మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది.

“గుమ్మం దగ్గర బయల్దేరితే చెప్పుల స్టాండు మొదటి స్టాపు” అన్నారు మామగారు నేల చూస్తూ. “తర్వాత బీరువా. అది పెద్ద స్టాపు, కాసేపు ఆగొచ్చు. సైకిలు కాస్త ఊగుతుంది, జాగ్రత్తగా పట్టుకోవాలి. కుండీల దగ్గర వంగాలి. లిఫ్టు దగ్గర కుర్చీ. అక్కడ ఈవిడ కాఫీ ఇస్తుంది. తాగి మళ్ళీ తిరుగు ట్రిప్పు. ఇవాళ ఏమీ లేకుండా వెళ్దామని చూశా. గోడకి పట్టు లేదమ్మా.”

“నీ మామగారి కోసమే అవన్నీ పెట్టానని కోతలు కొయ్యను” అంది పక్కింటావిడ. “ఇంట్లో చోటు లేక పెట్టా, బద్ధకం కొద్దీ ఉంచేశా. తప్పే. కుర్చీ మాత్రం ఆయన కోసమే వేశా.”

కోడలు ఎక్కడున్నది అక్కడే చతికిలబడింది. ఆయన నడకని తన చేత్తోనే బండెక్కించి పంపేసింది. అదీ ఆయన బాగు కోసమే.

“నాతో ఒక్క మాట చెప్పకూడదా మామయ్యా?”

“చెబితే మానేయమంటావు.” అన్నారాయన. “అదొక్కటే కాదులే. సాయంత్రం వస్తావు. బ్యాగు దించీ దించకముందే ఆ గేటు తెచ్చి నా ముందు పెడతావు. పొద్దుట్నుంచీ నిలబడి వచ్చినదానివి, మళ్ళీ నన్ను నిలబెట్టాలి. నీ మొహం చూస్తే నాకు కాలు లేవదమ్మా. పడితే నీ మీదే పడతాను, అప్పుడు ఇద్దరం లేవలేం. అందుకే చాలని కూర్చుండిపోతా. బాగా నడక వచ్చాక ఒకరోజు లిఫ్టు దగ్గర నీకు ఎదురొద్దామనుకున్నా. నీ ఉద్యోగం నీకుంటుందని చెబుదామనుకున్నా.”

ఆమెకి ఇక ఆగలేదు. వారాలుగా, నెలలుగా దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. తను ఆయన్ని మొయ్యడానికి చూస్తుంటే, ఆయన తనని మొయ్యడానికి చూస్తున్నారని తెలిసి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కింటావిడ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. చివరికి ఇద్దరూ చెరో పక్కా పట్టి ఆయన్ని లేపారు.

ఆ వచ్చిన ఆదివారం కోడలు తన ఇంట్లోనుంచి ఇస్త్రీ బల్ల, వంటింటి అలమర, రెండు కుర్చీలు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి కారిడార్‌లో ఒక గోడ వెంబడి పేర్చింది. పక్కింటావిడ చెప్పుల స్టాండు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. ఆ చప్పుడుకి సెక్రటరీగారు మెట్లెక్కి వచ్చారు.

“ఏమిటమ్మా ఇది? ఖాళీ చేయించమన్నది మీరే కదా?”

“నేనేనండీ. ఇప్పుడు ఫిర్యాదు నా మీద రాసుకోండి. ఈ గోడకి పట్టుకోడానికి ఒక పొడుగాటి కమ్మీ వేయించండి, ఆవేళే అన్నీ లోపలికి తీసుకుపోతాను.”

ఆయన గుమ్మంలో నిలబడ్డ మామగారిని చూశారు, అలమరని చూశారు, గొంతు సవరించుకున్నారు. “కమ్మీ సంగతి మీటింగులో పెడతాను. అందాకా... ఆ కుర్చీ కొంచెం గోడకి జరపండి, దారికి తగుల్తోంది” అని తనే వంగి జరిపి వెళ్ళిపోయారు.

మామగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. కోడలు అలవాటుగా ఆయన చంక కింద చెయ్యి పెట్టబోయింది.

“నువ్వు లోపలికెళ్ళమ్మా.”

“చూడనైనా చూడకూడదా?”

“చూడకు. నువ్వు చూస్తుంటే నా ధ్యాసంతా నీ మీదే ఉంటుంది. తలుపేసుకుని కాసేపు కూర్చో.”

ఆమె లోపలికొచ్చి తలుపు దగ్గరకి వేసింది. అవతల చెప్పుల స్టాండు కిర్రుమంది. తర్వాత కాసేపు ఏమీ వినిపించలేదు. ఆమె చెయ్యి దానంతటదే గడియ మీదికి పోయింది. తీసేసుకుంది. అడుగు రాసుకున్న చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి మరీ ఎక్కువసేపు. ఆమె పెదవి కొరుక్కుని, వచ్చి సోఫాలో కూర్చుంది. ఎక్కడో దూరంగా, లిఫ్టు వైపునుంచి, “ఇవాళ కాఫీలో చక్కెర తక్కువేశానండీ, తిట్టుకోకండి” అంటున్న పక్కింటావిడ గొంతూ, దాని మీదుగా మామగారి నవ్వూ వినిపించాయి.

ఆమె కాళ్ళు రెండూ సోఫా మీదికి తీసుకుని, కళ్ళు తుడుచుకుంది. వంటింట్లో ఎంత పనుందో గుర్తుంది. అయినా ఆయన తిరిగొచ్చేదాకా లేవలేదు.