నూట పది గాలి, ఒక నిమ్మకాయ సోడా

రండి, రండి, ముందుకు జరగండి. గోడకు ఆనుకున్న ఆ ఇద్దరూ గుసగుసలు ఆపండి. పల్లీలు తినేవాళ్లు పొట్టు చప్పుడు చెయ్యకండి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా మీసం గొరిగించుకుంటాను. నాకు మీసం లేదన్న సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

కరీంనగర్‌లో ఒక గాజుల దుకాణం. వెనక గది. గాజుల డబ్బాల మధ్య సీక్రెట్ డిపార్ట్‌మెంట్ చీఫ్ ఖుద్సియా మేడం. ఎదురుగా ఏజెంట్ ముకర్రం, ముక్కుకు అత్తరు రుమాలు అడ్డం పెట్టుకుని.

ముకర్రం ముక్కు మామూలు ముక్కు కాదు. హుస్నాబాద్‌లో ఎండుచేపలు వేయిస్తే కరీంనగర్‌లో కిటికీ మూసుకునేవాడు. లోకంలో సగం అతనికి అసహ్యం. మిగతా సగం ఇంకా వాసన చూడలేదు, అంతే.

"ముకర్రం, నీకు కాలిన రబ్బరు వాసన వడ్తదా?"

"వడది మేడం. డోకొస్తది."

"బహుత్ అచ్ఛా. రేపంత నువ్వు అండ్లనే ఉండాలె."

మేడం ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. "బుచ్చవ్వ. టైర్ రీట్రేడింగ్ షాపు. అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు ఎక్కిస్తది. ఆమె టైర్లేస్తే లీటరుకు అయిదు కిలోమీటర్లు ఉరుకుతదట. రేపు ట్రయల్. లోడు లారీ, కరీంనగర్ టు ఆదిలాబాద్, రెండు వందల ముప్పై కిలోమీటర్లు. నలభై ఆరు లీటర్ల లోపల పోతే మూడు వందల లారీలు ఆమె టైర్లే ఏస్తయి."

"దాటితే?"

"బ్లాక్ రింగ్ టైర్లు. బయటి దేశం గ్యాంగ్. ఒక చేత్తోని టైర్లమ్ముతరు, ఇంకో చేత్తోని డీజిల్. వాళ్ల టైరు ఎంత బరువుగ దొర్లితే డీజిల్ గంత ఎక్కువ తాగుతది. బుచ్చవ్వ ఓడితే షాపు బంద్. నలభై మంది రోడ్డు మీద వడ్తరు."

ముకర్రం రుమాలును ముక్కుకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. వాసన రాని కంపు అంటే ఇదే.

"నీ పార్ట్‌నర్ మమతారాణి. కోడ్ 'గాలెంత?' జవాబు 'నూట పది'. ఆ గ్యాంగు ట్రయల్ చెడగొట్టకుండ సూడాలె. జర జాగ్రత్త."

తెల్లారి ముకర్రం పంక్చర్ మేస్త్రీ వేషంలో షాపులో దిగాడు. ఒంటి మీద ఎవరిదో లుంగీ. ఆ లుంగీని విడిచి నిలబెడితే దానంతట అదే నిలబడేంత జిడ్డు. చుట్టూ ఉడుకుతున్న రబ్బరు కంపు. మనిషి లోపల్లోపల ఏడ్చాడు.

బుచ్చవ్వ పొట్టి మనిషి, గొంతు మాత్రం ఎయిర్ హారన్. "సూడు కొడుకా. గీ నిలువు గీతల టైరు తారు రోడ్డు మీద అలకగ ఉరుకుతది. గా దిమ్మెల టైరున్నదే, అది బురదకు మంచిది. తారు రోడ్డు మీద ఏస్తే ఊకె డీజిల్ తాగుతది. ఇగ టైరు ఏదైనా గాని, గాలి నూట పదికి తక్కువైతే బర్రె నడిసినట్టే."

డ్రైవరు ఆమె తమ్ముడు సీమోను. క్లీనరు సాంబయ్య, చేరి నెల కూడా కాలేదు. దారిలో టైర్లు చూసే మేస్త్రీగా ముకర్రం కూడా లారీ ఎక్కాడు. అప్పుడే నల్ల కళ్లద్దాలు, ఎర్ర చీర, మల్లెపూల సువాసనతో ఒక అందగత్తె లారీ ఎక్కింది. ట్రయల్ చూడటానికి లారీ ఓనర్లు పంపిన మనిషినని అందరికీ చెప్పింది. ముకర్రం పక్కన కూర్చుని పెదవి కదపకుండా అడిగింది.

"గాలెంత?"

"నూట పది."

ఆమె ఒక లిప్‌స్టిక్ చేతిలో పెట్టింది. మూత తీస్తే డిజిటల్ గేజ్. టైరుకు ఆనిస్తే గాలి ఎంతుందో అంకె చూపిస్తుంది.

"ఇంకెవరి మూతికన్న పూసిండ్రా దీన్ని?" అన్నాడు ముకర్రం, రెండు వేళ్లతో పట్టుకుని.

"నువ్వు గూఢచారివా, అత్తగారివా?" అంది మమతారాణి.

ట్యాంకు గొంతుదాకా నింపి బయల్దేరారు. జగిత్యాలలో చాయ్. సాంబయ్య టైర్లు చూస్తానని లారీ కిందకి దూరాడు. అక్కడినుంచి ముకర్రం ముక్కు అదరసాగింది. టైరు లోపల మురిగి బయటికొచ్చిన గాలి వాసన! నిర్మల్ చేరేసరికి అది పుచ్చిన గుడ్డంత అయ్యింది. దిగి పది టైర్లకూ లిప్‌స్టిక్ ఆనించి చూశాడు. నూట పది. నూట పది. అన్నీ నూట పదే. మొదటిసారి తన ముక్కును తానే అనుమానించాడు. అంతకన్నా నీచమైన అసహ్యం మనిషికి ఉండదు.

ముందు ఘాట్ రోడ్డు. ఘాట్ ఎక్కేముందు సీమోను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. నాలుగు నిమ్మకాయలు తీసుకుని లారీ చుట్టూ మూడుసార్లు తిప్పాడు. దిష్టి పోవాలని ఒక్కోదాని మీద మూడేసిసార్లు, నోట్లో జర్దా ఉండగానే, "థూ! థూ! థూ!" అన్నాడు. తీసుకెళ్లి టైర్ల ముందు పెట్టాడు.

"ఆదివారం చర్చికి పోతవు, గీ నిమ్మకాయలేంది సీమోనన్నా?" అడిగాడు ముకర్రం, మొహం తిప్పుకుని.

"బాప్తిస్మం నాకైంది భాయ్. లారీకి కాలే గద."

ఇదంతా జరుగుతున్నప్పుడు సాంబయ్య మళ్లీ లారీ కిందే ఉన్నాడు. చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. బండివాడి దగ్గర గోలీసోడా కొట్టించుకున్నాడు. కింద చూస్తే టైరు ముందు పచ్చటి నిమ్మకాయ! ఎవరో పారేసుకున్నారనుకున్నాడు. తీశాడు. కోశాడు. సోడాలో పిండాడు. ఒక్క గుక్కలో తాగి "హబ్బా!" అన్నాడు.



ముకర్రంకి కడుపులోంచి డోకు తన్నుకొచ్చింది. ఆ డోకు వెంబడే తెలివీ వచ్చింది. దిష్టి తీసిన నిమ్మకాయను ఈ గడ్డ మీద పసిపిల్లాడు కూడా దాటడు, తాకడు. ఇక తాగడమా?

"వీడు మనోడు గాదు!" అరిచాడు సీమోను. "మన జిల్లా గాదు, మన దేశమే గాదు!"

కాదు మరి! వాడు బ్లాక్ రింగ్ బాస్, మిస్టర్ గ్రోట్. మొహానికి కాలిన ఇంజిన్ ఆయిల్ పూసుకున్నాడు. ఆరునెలలు మన మాట నేర్చుకున్నాడు. బీడీ కాల్చడం, సర్వపిండి తినడం అన్నీ నేర్చుకున్నాడు. వాడి శిక్షణ పుస్తకం నాలుగొందల పేజీలు. అందులో నిమ్మకాయ గురించి ఒక్క ముక్క లేదు.

మమతారాణి కళ్లద్దాలు తీసేసింది. "ఛీ! ఆర్నెల్ల సంది వీని కింద పనిచేస్తున్న. దేశాన్ని మోసం చేసిన, నిన్ను మోసం చేసిన, ఏమనిపియ్యలే. గని గిది సూసినంక నాతోని గాదు." నడుములోంచి ఇంకో లిప్‌స్టిక్ తీసి ముకర్రం వైపు విసిరింది. "గిది అసలుది. నీ చేతులున్నది దొంగది. గోడకు ఆనిచ్చినా నూట పదే సూపిస్తది. జగిత్యాల కాడనే లోపలి నాలుగు టైర్లల్ల సగం గాలి తీసిండు. ఇప్పుడు బాంబులు గూడ వెట్టిండు!"

గ్రోట్ నవ్వాడు. వాడి దవడ పన్ను కింద బటన్ ఉంది. కొరికితే నాలుగు టైర్లూ పేలతాయి. టైర్ల పక్కనే సీమోను నిలబడి ఉన్నాడు. గ్రోట్ పళ్లు కొరికాడు.

కొరకడానికి పళ్లు ఒప్పుకుంటేగా! నిర్మల్ నిమ్మకాయ పులుపుకి పళ్లన్నీ పులిసిపోయాయి. "స్స్‌స్" అంటూ దవడ పట్టుకున్నాడు. ముకర్రం ఒక్క దూకు దూకి, ప్రాణంతో సమానమైన అత్తరు రుమాలును వాడి నోట్లో కుక్కాడు. ఆ రుమాలు మళ్లీ వాడలేదు. కాల్చి, బూడిద కూడా కడిగాడు.

బాంబులు పీకేశారు. కంప్రెసర్‌తో గాలి కొట్టారు. అసలు గేజ్ నూట పది చూపించింది. గ్రోట్‌ను, పక్కనే తలదించుకున్న మమతారాణిని కబురందుకుని వచ్చిన పోలీసు జీపు ఎక్కించి లారీని ఘాట్ ఎక్కించారు. అలకగా ఎక్కింది. కానీ జగిత్యాల నుంచి తాగిన డీజిల్ తాగనే తాగింది.

ఆదిలాబాద్ పెట్రోల్ బంకు. ట్యాంకు మళ్లీ గొంతుదాకా నింపాలి. నలభై నాలుగు. నలభై అయిదు. కరీంనగర్ షాపులో బుచ్చవ్వ ఫోను చుట్టూ నలభై మంది చేరారు. నలభై అయిదున్నర. సీమోను కళ్లు మూసుకున్నాడు. నలభై అయిదు పాయింట్ తొమ్మిది...

టక్! డీజిల్ మూతిదాకా పొంగింది. ట్యాంకు నిండింది.

ఫోన్లో బుచ్చవ్వ ఏడుపు ఎయిర్ హారన్‌లా మోగింది. బంకు దగ్గర జనం మూగితే, సీమోను టైర్ల సంగతి, పంటి బటన్ సంగతి, నిమ్మకాయ సంగతి మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముకర్రం రెండోసారి డోకాడు.

ఆ జనంలో పాలక్యానుతో నిలబడి మొదట్నుంచీ శ్రద్ధగా విన్న కైలాసం గొంతు సవరించుకున్నాడు.

"అంత మంచిగనే ఉన్నది గని అన్నా, గా సోడాల వాడు ఉప్పేస్కున్నడా, చక్కెరేస్కున్నడా?"